భయం పట్టుకున్న రోజు ‘నీకు తోడైయున్నాను’ అనే మాట మీద నిలబడటం ఎలా

ధైర్యం కోసం బైబిలు తెరిచేవాళ్లు ముందుగా ఒక సంగతి గమనిస్తే మిగతాది తేలికవుతుంది. భయపడినవాళ్లతో మాట్లాడేటప్పుడు దేవుడు వాళ్ల శక్తిసామర్థ్యాలను గుర్తుచేయడం చాలా అరుదు. ఫరో దగ్గరకు వెళ్లమంటే మోషే ‘నేను ఎంతటివాడను?’ అన్నాడు. రాజకుమార్తె ఇంట పెరిగి, ఐగుప్తు విద్యలన్నీ నేర్చుకున్న మనిషి ఆయన. ఆ చదువు గురించి దేవుడు ఒక్క మాటా అనలేదు. ‘నిశ్చయముగా నేను నీకు తోడైయుందును’ అన్నాడు (నిర్గమకాండము 3:12). ‘నేను బాలుడనే’ అన్న యిర్మీయాకు, మిద్యానీయులకు కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్న గిద్యోనుకు, కొరింథులో వణుకుతూ సువార్త ప్రకటించిన పౌలుకు కూడా ఇదే జవాబు వచ్చింది. వాళ్లు అడిగింది తమ గురించి, దేవుడు చెప్పింది తన గురించి. కింద చెప్పే పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది.

కావలసినవి కొన్నే. అధ్యాయాలు పూర్తిగా ఉన్న బైబిలు ఒకటి, గీతల నోటుపుస్తకం ఒకటి, రోజుకు ఇరవై నిమిషాలు, మీ భయం సంగతి చెప్పుకోదగిన మనిషి ఒకరు. ఫోనులో బైబిలు యాప్ ఉన్నా పరవాలేదు గానీ, ఈ ఇరవై నిమిషాలు డేటా ఆపేయండి. భయంలో ఉన్న మనసు ఒక్క నోటిఫికేషన్ వస్తే చాలు, మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది.

ముందు భయాన్ని స్పష్టంగా రాయండి

‘ప్రభువా, నాకు ధైర్యం ఇవ్వు’ అని మొదలుపెట్టే ప్రార్థన తప్పు కాదు. కానీ దేనికి భయపడుతున్నారో మీకే తెలియకపోతే ఆ ప్రార్థన అక్కడక్కడే తిరుగుతుంది. ఈ విషయంలో నేర్చుకోవలసింది యాకోబు దగ్గర. ఇరవై ఏళ్ల తర్వాత అన్న ఏశావు 400 మందితో ఎదురు వస్తున్నాడని కబురు తెలిసిన సాయంత్రం ఆయన చేసిన ప్రార్థన ఆదికాండము 32:9–12లో ఉంది. నాలుగే వచనాలు. తొమ్మిదో వచనంలో, తిరిగి వెళ్లమని చెప్పింది నీవే కదా అని దేవుని మాటను గుర్తుచేశాడు. పదో వచనంలో, ఇంతవరకు పొందిన కృపకు తాను తగినవాణ్ని కానని ఒప్పుకున్నాడు. చేతికర్రతో యొర్దాను దాటినవాడు ఇప్పుడు రెండు గుంపులయ్యాడని లెక్క కూడా చెప్పాడు. పదకొండులో భయం బయటపెట్టాడు: ఎవరి చేతినుంచి, ఏం జరుగుతుందని, ఎవరికి జరుగుతుందని. నన్ను, పిల్లలతో తల్లిని చంపుతాడేమో అన్నాడు. పన్నెండులో మళ్లీ వాగ్దానానికి వచ్చాడు.

మీ నోటుపుస్తకంలో కూడా అలాగే రాయండి. ఉదాహరణకు వచ్చే మంగళవారం గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ ఉన్న ఒక తల్లిని తీసుకుందాం. ‘ఆరోగ్యం గురించి ఆందోళనగా ఉంది’ అని రాస్తే లాభం లేదు. ‘మత్తు ఇచ్చాక మళ్లీ లేవనేమో. లేవకపోతే పిల్లల చదువు ఎవరు చూస్తారు? ఖర్చు అనుకున్నదానికంటే పెరిగితే ఎవరిని అడగాలి?’ అని రాయాలి. మూడు వాక్యాల్లో మూడు వేర్వేరు భయాలు బయటపడ్డాయి. మొదటిది ప్రాణభయం, రెండోది పిల్లల మీది ప్రేమ, మూడోది డబ్బు సంగతి. మూడింటికీ ఒకే వచనం పట్టుకొని కూర్చుంటే రెండు అలాగే మిగిలిపోతాయి.

రాసేటప్పుడు కొందరికి చెయ్యి ఆగిపోతుంది. ఇలా రాయడమే అవిశ్వాసమేమో, నోటితో అంటే జరిగిపోతుందేమో అని సందేహం. కీర్తనలు చదివితే ఆ సందేహం తీరుతుంది. 13వ కీర్తన ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అనే ఫిర్యాదుతో మొదలవుతుంది. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు వాక్యం ఒక్కటి కూడా లేదు. అయినా అది దేవుని ప్రజల పాటల్లోనే ఉంది. గెత్సేమనేలో యేసు ప్రభువు కూడా తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులతో నోరు తెరిచి చెప్పాడు. భయాన్ని పేరు పెట్టి పిలవడం పాపమైతే ఇవేవీ లేఖనాల్లో ఉండేవి కావు.

భయాన్ని బట్టి వాక్యభాగం

కొత్త బాధ్యత మీద పడినప్పుడు, ఉదాహరణకు ఇంటిపెద్ద పోయి ఆ భారం మీ నెత్తిన పడినప్పుడు, యెహోషువ 1వ అధ్యాయం. 18 వచనాలు, పైకి చదివితే నాలుగైదు నిమిషాలు. మనుషుల ముందు నిలబడాలంటే భయమైతే, అంటే ఇంటర్వ్యూ, కోర్టు వాయిదా, గొంతు పెంచే అధికారి, వీటికి యిర్మీయా 1:4–10, 27వ కీర్తన. వ్యాధికీ మరణభయానికీ 23వ కీర్తన, యెషయా 43:1–7. యెషయా భాగంలో ‘నీవు జలములలో బడి దాటునప్పుడు’ అని ఉంది. నీళ్లలోకి దిగవలసి రాదని అక్కడ లేదు, దిగినప్పుడు ‘నేను నీకు తోడై యుందును’ అని ఉంది. తుఫాను, యుద్ధం, ఊరంతా వణికే వార్తలు వచ్చినప్పుడు 46వ కీర్తన. డబ్బు భయానికి హెబ్రీయులకు 13:5–6. చాలామంది ఈ వచనాన్ని ఒంటరితనానికి వాడతారు గానీ, దాని మొదటి వాక్యం ధనాపేక్ష లేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొంది ఉండమని చెబుతుంది. నెలాఖరు భయం గురించి మాట్లాడుతూనే ఆ రచయిత ‘నిన్ను ఏమాత్రమును విడువను’ అనే మాటను తెచ్చాడు.

ఒక రకం భయానికి మాత్రం ఈ వాక్యాలు నేరుగా పనిచేయవు. తప్పు చేసి దాచినప్పుడు కలిగే భయం అది. ఏదెనులో ఆదాము ‘భయపడితిని’ అన్నది దేవుడు దూరంగా ఉన్నందుకు కాదు, దగ్గరకు వచ్చినందుకు. అలాంటప్పుడు ‘దేవుడు నాతో ఉన్నాడు’ అని వంద సార్లు చెప్పుకున్నా గుండె కుదుటపడదు. ముందు 51వ కీర్తన, 1 యోహాను 1:9 చదివి, ఆ సంగతి ఆయన ముందు ఒప్పుకోవాలి. ఇంకొకరికి నష్టం చేసి ఉంటే వాళ్ల దగ్గరకు వెళ్లి సరిచేసుకోవాలి. ఆ తర్వాత యెహోషువ దగ్గరకు రండి.

వచనం కాదు, అధ్యాయం చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు చాలా ఇళ్లలో ఏడాదంతా దేవుని గది గోడకో బీరువా తలుపుకో అంటుకొని ఉంటుంది. దాన్ని తీసేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే కార్డు మీద పట్టేది రెండు పంక్తులే. ఆ మాట ఎవరితో, ఎప్పుడు, దేనికోసం అన్నాడో తెలియకపోతే కష్టం వచ్చినప్పుడు ఆ పంక్తులు చేతిలోనే చిట్లిపోతాయి. అందుకే అధ్యాయం మొత్తం పైకి చదివి నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఈ మాట విన్న మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడు? దేవుడు తన గురించి ఏం చెప్పాడు? ఏం చేయమన్నాడు? ఏం చెప్పలేదు?

యెహోషువ 1వ అధ్యాయం మీద ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. మోషే చనిపోయాడు, ఆయన స్థానంలో ప్రజలను నడిపించే భారం యెహోషువ మీద పడింది. ముందు యొర్దాను, వెనక నలభై ఏళ్లు సణిగిన ప్రజలు. దేవుడు తన గురించి ఐదో వచనంలో ‘నేను మోషేకు తోడైయుండినట్లు నీకును తోడైయుందును. నిన్ను విడువను నిన్ను ఎడబాయను’ అని, తొమ్మిదో వచనంలో ‘నీవు నడుచు మార్గమంతటిలో’ తోడుంటానని చెప్పాడు. చేయమన్నవి రెండు: ధర్మశాస్త్రాన్ని దివారాత్రం ధ్యానించడం, దాని ప్రకారం నడవడం. నిబ్బరంగా ధైర్యంగా ఉండమని 6, 7, 9 వచనాల్లో దేవుడు మూడు సార్లు అన్నాడు. నాలుగోసారి, 18వ వచనంలో, ఆ మాట ప్రజల నోట వచ్చింది. దేవుని నుంచి వచ్చిన ధైర్యం తోటి మనుషుల నోటి ద్వారా కూడా అందుతుందని ఆ చివరి వచనం చూపిస్తోంది. ఇక నాలుగో ప్రశ్న: అంతా సాఫీగా జరుగుతుందని చెప్పాడా? లేదు. ఏడో అధ్యాయంలో హాయి అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో 36 మంది చనిపోయారు, యెహోషువ బట్టలు చింపుకొని నేల మీద సాగిలపడ్డాడు.

ఈ నాలుగో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. తర్వాత వచ్చే నిరాశ ఎక్కువగా ఇక్కడినుంచే పుడుతుంది. కొరింథులో పౌలుకు రాత్రి దర్శనంలో ప్రభువు రెండు సంగతులు చెప్పాడు: నేను నీకు తోడైయున్నాను, నీకు హాని చేయడానికి ఎవడూ నీమీదికి రాడు (అపొస్తలుల కార్యములు 18:9–10). పౌలు ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. రెండో మాట ఆ ఊరికి, ఆ కాలానికి ఇచ్చింది. తర్వాత యెరూషలేములో ఆయన్ని పట్టుకొని కొట్టారు, బంధించారు. అక్కడ ప్రభువు మళ్లీ పక్కన నిలబడి ‘ధైర్యముగా ఉండుము’ అన్నాడు గానీ హాని జరగదని అనలేదు, రోమాలో కూడా సాక్ష్యం చెప్పాలి అన్నాడు (23:11). చివరికి రోమా చెరలోంచి ఆయన రాసినదాంట్లో అందరూ తనను విడిచిపోయారని ఉంది, ప్రభువు మాత్రం తన ప్రక్క నిలిచాడని ఉంది. ఊరు మారింది, ఫలితం మారింది, తోడు మారలేదు. వాక్యం చదివినప్పుడల్లా తోడు గురించిన మాట ఏది, ఫలితం గురించిన మాట ఏది అని విడదీసుకోండి. మొదటిదాన్ని, సదాకాలం మీతో ఉన్నానని ప్రభువు శిష్యులతో అన్న మత్తయి 28:20 ఆధారంగా, నిస్సంకోచంగా మీది చేసుకోవచ్చు. రెండోదాన్ని ప్రార్థనలో అడగండి, అడిగి ఆయన చేతికి వదిలేయండి.

కంఠస్థం చేయడం

భయం ఎక్కువైన గంటలో బైబిలు తెరిచి వెతికే ఓపిక ఉండదు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక చేతిలో పుస్తకం కూడా ఉండదు. కాబట్టి ఒక వచనం నోటికి రావాలి. మొదట యెషయా 41:10 పట్టండి. దానిలో ఐదు ముక్కలున్నాయి:

నీకు తోడైయున్నాను భయపడకుము
నేను నీ దేవుడనై యున్నాను దిగులుపడకుము
నేను నిన్ను బలపరతును
నీకు సహాయము చేయువాడను నేనే
నీతియను నా దక్షిణహస్తముతో నిన్ను ఆదుకొందును

సోమవారం మొదటి ముక్క, మంగళవారం మొదటి రెండు, అలా శుక్రవారానికి ఐదూ. శనివారం చూడకుండా ఒకసారి రాయండి, ఆదివారం ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, రాత్రి దీపం ఆర్పాక, మొత్తం మూడు పూటలు పైకి అనాలి. మనసులో అనుకుంటే ముక్కలు తారుమారవుతాయి. ఈ వరుసకు కూడా ఒక విలువ ఉంది. మొదటి రెండూ ఈ క్షణంలో ఉన్న సంగతి, తర్వాతి మూడూ ఆయన మీకోసం చేసే పని. భయం వచ్చినప్పుడు మనం సహాయం వచ్చిందా లేదా అని చివరి ముక్కనుంచి వెతుకుతాం. వచనం మాత్రం తోడుతో మొదలుపెడుతుంది.

ఊపిరి కూడా ఆడనంత గాభరాలో ఐదు ముక్కలూ గుర్తురావు. ఆ గంట కోసం 56వ కీర్తన మూడో వచనం పెట్టుకోండి: ‘నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను’. దావీదు గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటిదని ఆ కీర్తన పైన రాసి ఉంది. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటూ మొదటి సగం, వదులుతూ రెండో సగం అనుకోండి, పది సార్లు. అదీ కుదరకపోతే నీళ్లలో మునుగుతూ పేతురు అన్న ‘ప్రభువా, నన్ను రక్షించుము’ చాలు. ఆ చిన్న కేకకే ప్రభువు వెంటనే చెయ్యి చాపాడు.

ఆయన గురించి మాట్లాడటం మాని ఆయనతో మాట్లాడండి

23వ కీర్తన మొదటి మూడు వచనాల్లో దావీదు కాపరి గురించి చెబుతాడు: ఆయన నన్ను పరుండజేస్తాడు, నడిపిస్తాడు. నాలుగో వచనంలో లోయలోకి దిగగానే మాట తిరిగింది: ‘నీవు నాకు తోడై యుందువు’. చీకట్లో పక్కనున్నవాడితో మాట్లాడాలి కదా. చదివిన వాక్యాన్ని కూడా ఇలాగే తిప్పి ప్రార్థన చేయాలి. యాకోబు వరుసనే వాడుకోండి: నీవు చెప్పింది, నేను తగను, నా భయం, మళ్లీ నీవు చెప్పింది. ఆపరేషన్ ఉన్న ఆ తల్లి ప్రార్థన ఇలా ఉండవచ్చు:

‘తండ్రీ, గాఢాంధకారపు లోయలో కూడా తోడుంటానని నీ వాక్యంలో చెప్పావు. ఇంతవరకు నన్ను మోసిన నీ కృపకు నేను తగినదాన్ని కాదు. మంగళవారం ఆపరేషన్ అంటే భయంగా ఉంది. మత్తులోంచి లేవనేమోనని, పిల్లలు ఏమైపోతారోనని భయం. నాకు తెలివి లేని ఆ గంటల్లో కూడా నువ్వు కునుకవు, నిద్రపోవు. నన్ను క్షేమంగా లేపమని అడుగుతున్నాను. ఏం జరిగినా నన్నూ నా పిల్లలనూ ఎడబాయవని నమ్ముతున్నాను. రేపు డాక్టరుతో తడబడకుండా మాట్లాడే బలం ఇవ్వు. యేసు నామంలో ఆమేన్.’

రెండు నిమిషాలు కూడా పట్టదు. పొడవు పెంచనక్కర్లేదు. రాజు ముందు ‘మిగుల భయపడి’ నిలబడ్డ నెహెమ్యా, రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య దొరికిన సందులోనే ప్రార్థన చేశాడు (నెహెమ్యా 2:2–5). చివర్లో అడిగిన ‘రేపు డాక్టరుతో’ అనే మాటను మాత్రం వదలకండి, ఎందుకంటే దాని వెంట చేయవలసిన పని ఉంది.

లేచి ఒక పని చేయండి

ప్రార్థన ముగించాక యాకోబు పడుకోలేదు. ఏశావుకు కానుకగా 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్లు, 30 పాడి ఒంటెలు వాటి పిల్లలతో, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడ గాడిదలు, 10 గాడిద పిల్లలు ఏర్పాటు చేశాడు. ఒంటె పిల్లలు కాక 550 జీవాలు. మందకూ మందకూ మధ్య ఎడం పెట్టమన్నాడు, ఏశావు అడిగితే ఏ మాట చెప్పాలో ఒక్కో దాసుడికీ నేర్పాడు. యెహోషువ దేవుని మాట విన్న వెంటనే ఆహారం సిద్ధం చేసుకోమని, మూడు రోజుల్లో యొర్దాను దాటాలని నాయకులకు ఆజ్ఞ ఇచ్చాడు. నెహెమ్యా మనుషులు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు (4:9). తుఫానులో చిక్కిన ఓడలో ఉన్న 276 మందిలో ఒక్కరి ప్రాణానికీ హాని కలగదని దేవదూత ద్వారా విన్న పౌలు, పడవలో దొంగచాటుగా జారుకోబోతున్న నావికుల సంగతి శతాధిపతికి చెప్పి ఆపించాడు. పద్నాలుగు రోజులుగా పస్తున్న వాళ్లందరినీ బతిమాలి తినిపించాడు. దేవుని మీద నమ్మకం వాళ్ల చేతులు కట్టేయలేదు.

కాబట్టి నోటుపుస్తకంలో ప్రార్థన కింద ఒక్క పని రాయండి, అది 24 గంటల్లో అయ్యేది కావాలి. ఆపరేషన్ విషయంలో అయితే మత్తు డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడం: ఎన్ని గంటలనుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు? షుగరు, బీపీ మాత్రలు ఆ పొద్దున వేసుకోవాలా? ఇంతకుముందు ఏ మందైనా పడకపోతే అది ఎవరికి చెప్పాలి? మర్నాడు ఇంకో పని: బ్యాంకు పాస్‌బుక్, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఒకరికి చూపించడం. పెద్ద పని రాస్తే అది అవదు, అవకపోతే భయం ఇంకా ముదురుతుంది. ధైర్యం వచ్చాక చేద్దామని ఆగేవాళ్లు ఆగుతూనే ఉంటారు. గిద్యోను బయలు అనే దేవత బలిపీఠాన్ని పగలు పడగొట్టడానికి భయపడి రాత్రి పడగొట్టాడు, పది మందిని వెంట తీసుకెళ్లి మరీ. దేవుడు దాన్ని తప్పు పట్టలేదు.

అదే గిద్యోనుతో దేవుడు అన్న మరో మాట దగ్గర కాసేపు ఆగాలి. శత్రువుల దండులోకి దిగడానికి నీకు భయమైతే నీ పనివాడైన పూరాను వెంటబెట్టుకొని వెళ్లు అన్నాడు (న్యాయాధిపతులు 7:10). స్వయంగా దేవుడే తోడున్న మనిషికి ఇంకో మనిషిని తోడు ఇచ్చాడు. దేవుడున్నాడు కదా, మనుషులెందుకు అనేది వినడానికి గొప్ప విశ్వాసంలాగే ఉంటుంది గానీ లేఖనం అలా నడవదు. మీ పూరా ఎవరో తేల్చుకొని, ఆ మనిషికి ఫోను చేసి మూడు సంగతులు చెప్పండి: నా భయం ఇది, నేను పట్టుకున్న వాక్యం ఇది, ఫలానా రోజు ఫలానా సమయానికి నువ్వు నాతో ఉండాలి. ‘ప్రార్థనలో గుర్తుచేసుకోండి’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం దీనికి సరిపోదు. ఎనభై మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు, ఆస్పత్రి వరండాలో మాత్రం ఎవరూ ఉండరు.

ఎక్కడ చెడిపోతుంది

మొదటిది, వాక్యాన్ని తాయెత్తు చేసుకోవడం. ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయిన ఇశ్రాయేలీయులు పశ్చాత్తాపపడకుండా, దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న పెట్టెను, అంటే నిబంధన మందసాన్ని, యుద్ధభూమికి మోసుకొచ్చారు. నేల దద్దరిల్లేలా కేకలు వేశారు. ఆ రోజు 30,000 మంది కాల్బలం కూలింది, మందసం శత్రువుల పాలయింది (1 సమూయేలు 4). దిండు కింద బైబిలు, బండి అద్దానికి వచనం స్టిక్కర్ పెట్టుకొని లోపల ఒక్క పేజీ కూడా తిరగేయకపోవడం అదే దారి. దేవుని సన్నిధిని వస్తువుగా మోసుకెళ్లలేం.

రెండోది, తోడున్నాడు కదా అని తెగించడం. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమని యేసుతో సాతాను చెప్పినప్పుడు ఎత్తి చూపింది 91వ కీర్తననే. ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. మందులు మానేయడం, హెల్మెట్ లేకుండా పోవడం, తీర్చే దారి లేని అప్పు చేసి దేవుడే చూసుకుంటాడనడం ఈ లెక్కలోకే వస్తాయి. పైగా అదే కీర్తన 15వ వచనం ‘శ్రమలో నేనతనికి తోడై యుండెదను’ అంటోంది. శ్రమ రాదని ఆ కీర్తన అనుకోవడం లేదు.

మూడోది, అనుభూతి కోసం చూడటం. ప్రార్థన చేసినా గుండె దడ తగ్గలేదు, కాబట్టి దేవుడు లేడు అనుకుంటారు. తుఫానులో ఓడ ఊగుతుండగా శిష్యులు భయంతో కేకలు వేస్తున్నప్పుడు యేసు అదే ఓడ వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. వాళ్లకు ఏమీ అనిపించని ఆ సమయంలో కూడా ఆయన వాళ్ల ఓడలోనే ఉన్నాడు. చేయవలసిన పని చేసేశారా లేదా అన్నదే చూసుకోండి, దడ దానంతట అది తగ్గుతుంది, కొన్నిసార్లు పని అయ్యాక గానీ తగ్గదు.

‘భయపడకు అని బైబిలులో 365 సార్లు ఉంది, రోజుకొకటి’ అని ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. లెక్కపెడితే ఆ సంఖ్య రాదు. ఒక్కసారి అన్నా అది దేవుని మాటే, దానికి లెక్క ఆసరా అక్కర్లేదు.

అన్నిటికంటే బరువైన ప్రశ్న, అడిగినట్టు జరగకపోతే ఏమిటన్నది. తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో మా దేవుడు రక్షించగల సమర్థుడు అన్నారు. ఆ వెంటనే, ఒకవేళ ఆయన రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు (దానియేలు 3:17–18). ఈ రెండు వాక్యాలూ కలిపి అనడం నేర్చుకోవాలి. మొదటిది ఒక్కటే అంటే రిపోర్టు చెడ్డగా వచ్చిన రోజు విశ్వాసం కూలిపోతుంది, రెండోది ఒక్కటే అంటే అడగడానికి నోరు రాదు. అగ్నిగుండంలో నాలుగోవాడు కనబడింది వాళ్లు లోపల పడిన తర్వాతే.

భయం మనసు దాటి ఒంటికి పాకినప్పుడు

వారాల తరబడి నిద్ర లేకపోవడం, కారణం లేకుండా ఒళ్లంతా వణకడం, తిండి మానేయడం, బతకాలని లేదనిపించడం, ఇవి ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. యెజెబెలు రాణికి భయపడి పారిపోయిన ఏలీయా ప్రవక్త అరణ్యంలో చెట్టుకింద కూర్చొని ప్రాణం తీసుకొమ్మని అడిగాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, ప్రసంగించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత ద్వారా రొట్టె, నీళ్లు పెట్టించాడు, రెండోసారి కూడా లేపి తినిపించాడు. హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. చివర్లో ఎలీషాను తోడిచ్చాడు. మానసిక వైద్యం తీసుకోవడం విశ్వాసానికి మచ్చ కాదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

భయపెడుతున్నది ఇంట్లో మనిషే అయితే, చెయ్యి చేసుకునే భర్త లాంటివాడైతే, దేవుడు తోడున్నాడని దెబ్బలు తింటూ అక్కడే ఉండమని లేఖనం అడగదు. దావీదు సౌలు ఈటెనుంచి తప్పించుకున్నాడు, పౌలును దమస్కు గోడమీదినుంచి గంపలో దించారు, యోసేపు శిశువును తీసుకొని రాత్రికి రాత్రే ఐగుప్తుకు వెళ్లాడు. క్షేమమైన చోటికి వెళ్లి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి.

మీరే ఇంకొకరికి పూరా అయితే

ఆస్పత్రిలో పరామర్శకు వెళ్లినప్పుడు పది పదిహేను నిమిషాలకు మించి కూర్చోకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు బాగానే చేశారు. నోరు విప్పి కారణాలు వెతికాకే పాడుచేశారు. ‘ఏదో ఒక పాపం ఉంటుంది’, ‘విశ్వాసం ఉంటే ఈపాటికి లేచేవారు’, ‘మా బంధువుకు కూడా ఇదే వచ్చి పోయాడు’ అనే మాటలు గుమ్మం బయటే వదలండి. ముందు రోగినే అడగండి, దేనికి భయంగా ఉందని. చెప్పింది పూర్తిగా వినండి. ఒక్క భాగమే చదవండి, 23 లేదా 121వ కీర్తన, పక్క మంచం వాళ్లకు ఇబ్బంది కాకుండా చిన్న గొంతుతో. ప్రార్థనలో వాళ్లు చెప్పిన భయాన్ని వాళ్ల మాటల్లోనే ప్రభువుకు చెప్పండి. తర్వాత ఒక పని మీ నెత్తిన వేసుకోండి: రాత్రికి అన్నం క్యారియర్ తేవడమో, పిల్లల్ని బడినుంచి తీసుకురావడమో, మందులషాపు లైనులో నిలబడటమో. మళ్లీ ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తారో చెప్పండి. ఆ సమయానికి రాలేకపోతే ముందే ఫోను చేసి, మీ బదులు ఎవరొస్తున్నారో పేరు చెప్పండి.